పొడవు గింజ బియ్యం: ఏ దేశపు పంటను ఏ నెలలో కొనాలి?

పొడవు గింజ బియ్యాన్ని విదేశాల నుంచి తెప్పించుకోవాలనుకునే వ్యాపారి మొదట ధర అడుగుతాడు, తరువాత రకం అడుగుతాడు. నెల సంగతి చివరికి వస్తుంది. ఒక్కోసారి సరుకు గోదాముకు చేరి, అన్నం ముద్దవుతోందని ఫిర్యాదు వచ్చాక గానీ గుర్తుకు రాదు. నా ఉద్దేశంలో ఈ వరుసను తిరగేయాలి. రకం ఒకటే అయినా, మిల్లు ఒకటే అయినా, పొలంలో ఏ కాలంలో పండింది, కోశాక ఎన్నాళ్లకు మరపట్టారు, ఏ నెలలో ఓడ ఎక్కించారు అన్నదాన్ని బట్టి సంచిలోని బియ్యం మారిపోతుంది. కోత నెలే కొనుగోలు నెల అనుకోవడం ఈ వ్యాపారంలో తరచుగా జరిగే పొరపాటు. కొన్ని రకాలకు ఆ రెండింటి మధ్య ఏడాది ఎడం ఉండాలి, మరికొన్నింటికి ఆ ఎడం ఎంత తగ్గితే అంత మేలు.

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కొలతల ప్రకారం 6.61 నుంచి 7.50 మిల్లీమీటర్ల వరకు ఉన్న గింజ పొడవు గింజ, అంతకు మించితే అతి పొడవు గింజ. ఈ హద్దులు దేశాన్ని బట్టి కొద్దిగా మారతాయి కాబట్టి, బేరసారాల్లో ‘పొడవు గింజ’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా మిల్లీమీటర్లలో సగటు పొడవును అడగడం మంచిది. బాస్మతికి పొడవు ఒక్కటే చాలదు. ఉడికినప్పుడు గింజ అడ్డంగా ఉబ్బకుండా నిలువునా సాగడం, సువాసన కూడా దాని లక్షణాల్లో భాగమే.

కాలం గింజకు చేసేది

గింజ పాలుపోసుకునే దశలో రాత్రి వేడి ఎక్కువగా ఉంటే పిండిపదార్థపు రేణువులు వదులుగా పేరుకుని, గింజ నడుమ సుద్దలాంటి తెల్లని మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ ఉన్నచోట గింజ బలహీనపడి మరలో విరుగుతుంది. పొలంలోనే బాగా ఎండిపోయిన గింజ మంచుకో వానకో మళ్లీ తడిస్తే అడ్డంగా పగుళ్లు పడుతుంది. పొట్టి గింజ కన్నా సన్నగా పొడవుగా ఉన్న గింజ మరలో తేలికగా విరుగుతుంది. కోతవేళకు ధాన్యంలో సాధారణంగా 20 నుంచి 25 శాతం తేమ ఉంటుంది. నిల్వకు అది 14 శాతానికి లేదా అంతకన్నా కిందికి దిగాలి. ఎండ కాసే నెలల్లో కోసిన పంటకు ఈ ఆరబెట్టే పని తేలిక, వానల నడుమ కోసిన పంటకు కష్టం. ఆరబెట్టడం ఆలస్యమైన ధాన్యంలో గింజ పసుపురంగుకు తిరుగుతుంది, వాసన చెడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ భారతదేశంలోనే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జూన్, జూలైలలో నారు పోసి అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు కోసే ఖరీఫ్ ధాన్యం పచ్చి బియ్యానికి పనికొస్తుంది. నవంబరు, డిసెంబరులలో మొదలుపెట్టి ఏప్రిల్, మే నెలల్లో కోసే రబీ ధాన్యం గింజకట్టే వేళకే ఎండలు ముదురుతాయి. దాన్ని నేరుగా మరపడితే నూక శాతం బాగా పెరుగుతుంది. అదే ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే పిండిపదార్థం కరిగి మళ్లీ బిగుసుకుంటుంది కాబట్టి పగుళ్లు మూసుకుని గింజ నిలుస్తుంది. రబీ వడ్లు ఉప్పుడు బియ్యంగా మారడానికి కారణం తినేవారి ఇష్టం ఒక్కటే కాదు, వేసవి ఎండ కూడా. కాబట్టి ఇక్కడి నుంచి పచ్చి పొడవు గింజ బియ్యం కావాలనుకునేవారు ఖరీఫ్ పంటను అడగాలి. ఉప్పుడు బియ్యం కొనేవారికి రెండు పంటల మధ్య పట్టింపు తక్కువ.

బాస్మతి: ఎదురుచూపుకు ధర కట్టే బియ్యం

బాస్మతి ఏడాదికి ఒక్కసారే పండుతుంది. భారతదేశంలో 2016లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ప్రకారం పంజాబ్, హర్యానా, ఢిల్లీ, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్‌లతో పాటు ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాలు, జమ్మూ ప్రాంతంలోని కొన్ని జిల్లాలు దీని నేల. పాకిస్తాన్‌లో గుజ్రాన్‌వాలా, సియాల్‌కోట్, షేఖుపురా, హఫీజాబాద్ చుట్టుపక్కల పంజాబ్ ప్రాంతం ప్రధానమైనది. ఇరువైపులా నాట్లు ప్రధానంగా జూన్, జూలైలలో పడతాయి. సెప్టెంబరు, అక్టోబరులలో రాత్రులు చల్లబడుతుండగా గింజ నిండడం వల్లనే ఆ సువాసన, ఆ సాగుదల వస్తాయి. వేడి వాతావరణంలో అదే విత్తనం వేసినా ఆ గుణం రాదు.

రకాల మధ్య కాలంలో తేడా ఉంది. సుమారు 115 నుంచి 120 రోజుల్లో చేతికొచ్చే పూసా బాస్మతి 1509 ముందుగా, సెప్టెంబరు నాటికే మండీలకు వస్తుంది. 140 రోజులు దాటే పూసా బాస్మతి 1121 అక్టోబరు మధ్య నుంచి వస్తుంది. సంప్రదాయ రకాలు ఇంకా ఆలస్యం. 1509లో పొడవు, రంగు బాగానే ఉంటాయి, ధర కూడా సాధారణంగా తక్కువ; అయితే అది కోతకొచ్చే సరికి రుతుపవనాలు పూర్తిగా వెనుదిరిగి ఉండకపోవచ్చు. సెప్టెంబరు చివరి వానలో తడిసిన ఏడాది అయితే దానిలో విరిగే గింజల శాతం గురించి గట్టిగా అడగవలసిందే. 1121 వండని గింజే 8 మిల్లీమీటర్లకు పైగా ఉండి, ఉడికితే రెట్టింపుకు మించి సాగుతుంది కాబట్టి, బిర్యానీ వండేవారు దానికి ఎక్కువ ధర ఇవ్వడంలో అర్థముంది.

అసలు చిక్కు కోత తరువాత మొదలవుతుంది. కొత్త బాస్మతిని పచ్చి బియ్యంగా వండితే గింజలు అంటుకుంటాయి, సాగుదల తగ్గుతుంది. నిల్వలో నెలలు గడిచేకొద్దీ గింజలోని పిండిపదార్థం, మాంసకృత్తుల అమరిక మారి, బియ్యం ఎక్కువ నీరు పీల్చుకుంటూ విడివిడిగా ఉడుకుతుంది. అందుకే మంచి పచ్చి బాస్మతిని ఏడాది, కొన్నిసార్లు రెండేళ్లు మాగబెట్టి అమ్ముతారు. ఆవిరి పట్టిన స్టీమ్ బియ్యానికి ఈ అవసరం తగ్గుతుంది. సెల్లాకు, అంటే ఉప్పుడు బాస్మతికి, ఇంకా తక్కువ, ఎందుకంటే ఉడికించినప్పుడే గింజ గట్టిపడుతుంది. నవంబరులో కోసిన 1121ను సెల్లాగా ఆడించి డిసెంబరు, జనవరి నెలల్లోనే ఓడ ఎక్కించవచ్చు. అదే ధాన్యపు పచ్చి బియ్యాన్ని మాత్రం మరుసటి చలికాలం దాకా ఆపిన వ్యాపారి దగ్గర కొనడం మేలు. మాగబెట్టినవాడు గోదాము అద్దె, పెట్టుబడిపై వడ్డీ, పురుగు మందు ఖర్చు అన్నీ ధరలో కలుపుతాడు. ఆ తేడాను చూసి భయపడి కొత్త పచ్చి బాస్మతిని చౌకగా కొనడం నేనైతే సమర్థించను. మీ గోదాములోనే దాన్ని మాగబెట్టే స్థోమత ఉంటే మాత్రం అది తెలివైన పనే.

ఈ బియ్యానికి గిరాకీ కూడా ఒక పంచాంగాన్ని అనుసరిస్తుంది. గల్ఫ్ దేశాల వ్యాపారులు రంజాన్‌కు ముందు నిల్వలు నింపుకుంటారు. చాంద్రమాన మాసం కాబట్టి అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది: 2025లో మార్చి ఆరంభంలో, 2026లో ఫిబ్రవరి మధ్యలో మొదలై, 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి వస్తుంది. అంటే రాబోయే కొన్నేళ్లలో ఆ కొనుగోళ్లు కోతల కాలం మీదికి జరుగుతూ వస్తాయి. మండీలో కొత్త ధాన్యం దిగుతున్న నెలల్లోనే మాగిన పాత బియ్యానికి పోటీ పెరుగుతుంది. పచ్చి బాస్మతి కావలసినవారు ఆ పోటీలో పడకుండా వేసవిలోనే ఒప్పందం ముగించుకోవడం మంచిది. మరోవైపు, ఇరాన్ తన రైతుల పంట చేతికొచ్చే కాలంలో దిగుమతులను ఆపే పద్ధతిని చాలా ఏళ్లు పాటించింది. అటువంటి ఏడాదిలో ఆ విరామం ముగిసే చలికాలపు మొదట్లో ధరలు ఒక్కసారిగా కదులుతాయి.

ఐరోపాకు పంపేవారికి ఇంకో గడియారం ఉంది. అగ్గి తెగులుకు వాడే ట్రైసైక్లజోల్ అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాములు మించరాదన్న ఐరోపా సమాఖ్య నిబంధన బాస్మతికి 2018 మధ్య నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. వానలు ఎక్కువై తెగులు ముదిరిన ఏడాది రైతు మందు కొట్టకుండా ఉండలేడు. అటువంటి పంటలో పరీక్షకు నిలిచే సరుకు తక్కువ. ఐరోపా కోసం కొనేవారు కోతకు ముందటి ఆగస్టు, సెప్టెంబరు వాతావరణాన్ని గమనించి, ఏ పంటకు ఏ పరీక్ష చేయించారో ముందే అడిగి తెలుసుకోవాలి.

థాయ్ హోమ్ మాలి: ఆలస్యం చేస్తే పోయే పరిమళం

థాయ్‌లాండ్ మల్లె బియ్యం, అంటే హోమ్ మాలి, బాస్మతికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. రెండింటి సువాసనకూ ప్రధాన కారణం ఒకే రసాయన పదార్థం, అది నిల్వలో క్రమంగా ఆవిరైపోతుంది. బాస్మతి తినేవాడు విడివిడి గింజ కోసం కొంత పరిమళాన్ని వదులుకోవడానికి సిద్ధపడతాడు. హోమ్ మాలి తినేవాడు మెత్తదనాన్ని, తాజా వాసనను కోరతాడు. కాబట్టి మొదటిదానిలో పాతదనానికి ధర, రెండోదానిలో కొత్తదనానికి ధర.

దీని మూలరకమైన ఖావో డాక్ మాలి 105 పగటి పొడవుకు స్పందించే రకం. మే నెలలో విత్తినా జూలైలో విత్తినా పగలు తగ్గే కాలం వస్తే గానీ పూత పట్టదు. అక్టోబరు 20 ప్రాంతంలో వెన్ను వేసి నవంబరు మధ్య నుంచి కోతకొస్తుంది. దాని నుంచే వచ్చిన ఆర్‌డీ 15 ఓ పదిరోజులు ముందుంటుంది. ఈశాన్య ప్రాంతంలోని థుంగ్ కులా రోంగ్ హాయ్ మైదానం ఇందుకు పేరెన్నికగన్నది. రైతు తలచుకున్నా ఈ పంట ఏడాదికి రెండోసారి రాదు. డిసెంబరు నుంచి మార్చి వరకు ఓడ ఎక్కే సరుకులోనే అసలైన పరిమళం ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులలో కొనేవారికి దొరికేది తొమ్మిది పది నెలల నిల్వ. దాన్ని వేరే సువాసన రకాలతో కలిపే ఆశ వ్యాపారికి కలిగేదీ అప్పుడే. థాయ్ ప్రమాణం ప్రకారం హోమ్ మాలి అని రాయాలంటే 92 శాతం స్వచ్ఛత ఉండాలి. కొత్త పంటకు ముందటి ఆ నెలల్లో కొనేవారు జన్యు పరీక్ష పత్రాన్ని తప్పక అడగాలి.

వియత్నాం, థాయ్ తెల్ల బియ్యం

ప్రత్యేక పేరు అక్కర్లేదు, 5 శాతం నూకతో తెల్లటి పొడవు గింజ చాలు అనుకునేవారికి వియత్నాం ఏడాదిలో ఎక్కువసార్లు తలుపు తెరుస్తుంది. మెకాంగ్ డెల్టాలో 90 నుంచి 100 రోజుల రకాలతో మూడు పంటలు తీస్తారు. నవంబరు, డిసెంబరులలో చల్లి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కోసే శీతాకాల–వసంత పంట వీటిలో పెద్దది, నాణ్యతలో మేలైనది, ఎందుకంటే ఎండలు బాగా ఉండి కోత పొడి నెలల్లో పడుతుంది. జూలై, ఆగస్టు నాటికి వచ్చే వేసవి–శరత్ పంట వానల్లో కోయబడుతుంది. దానిలో తేమ, రంగు, నూక మూడింటినీ జాగ్రత్తగా చూడాలి. అక్టోబరు, నవంబరు ప్రాంతంలో వచ్చే మూడో పంట చిన్నది. ఓఎం 5451, డాయ్ థోమ్ 8 వంటి మృదువైన సువాసన రకాలు ఈ డెల్టా ప్రత్యేకత. తక్కువ కాలపు రకాలు కావడంతో, హోమ్ మాలి అయిపోయిన నెలల్లో కూడా అవి కొత్త పంటగా దొరుకుతాయి. మెత్తటి సువాసన బియ్యం ఏడాది పొడవునా కొత్తగా కావలసిన అంగడికి ఇదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

వియత్నాం వైపు ఉన్న అనుమానాలు రెండు. పొడి కాలంలో నదిలో ప్రవాహం తగ్గినప్పుడు సముద్రపు ఉప్పునీరు డెల్టా లోపలికి వస్తుంది. 2016లో, 2020లో ఇది తీవ్రంగా వచ్చింది. అటువంటి ఏడాది మేలైన శీతాకాల–వసంత పంటకే దెబ్బ. రెండోది, అక్కడి సరుకులో పెద్ద భాగం ఫిలిప్పీన్స్ కొంటుంది కాబట్టి ఆ దేశపు నిర్ణయాలు ధరను ఎటైనా లాగగలవు. 2025 సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ దిగుమతులను ఆపినప్పుడు, మిగతా కొనుగోలుదారులకు బేరమాడే అవకాశం దొరికింది.

థాయ్‌లాండ్ సాధారణ తెల్ల బియ్యం ప్రధాన పంట నవంబరు, డిసెంబరులలో, సాగునీటి కింద వచ్చే రెండో పంట మార్చి నుంచి జూన్ వరకు వస్తుంది. గ్రేడింగ్‌లో నమ్మకం ఎక్కువ, ధర కూడా తరచుగా ఎక్కువే.

భారత సాధారణ బియ్యం: చౌక, కానీ తలుపు మీద తాళం

పరిమాణంలో ఏ దేశమూ భారత్‌కు సాటిరాదు. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం ఇక్కడి నుంచే జరిగింది. ఐఆర్ 64 పేరుతో సాగే 5 శాతం నూక ఉప్పుడు బియ్యం పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఏడాదంతా వెళుతుంది. రెండు పంటలు, పెద్ద ప్రభుత్వ నిల్వలు ఉన్నందున సరుకు ఎప్పుడూ ఉంటుంది. లేనిది విధానపరమైన భరోసా. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించి, తెల్ల బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు, ఆ ఆగస్టులోనే ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వచ్చింది, బాస్మతికి టన్నుకు 1200 డాలర్ల కనీస ధర పెట్టి రెండు నెలలకే 950 డాలర్లకు తగ్గించారు. ఇవన్నీ 2024 సెప్టెంబరు, అక్టోబరులలో తొలగిపోయాయి. నూకల నిషేధం 2025 మార్చిలో పోయింది.

ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. బిగింపులు వానలు ఎలా పడతాయో తేలని జూలై–సెప్టెంబరు మధ్య వచ్చాయి, సడలింపులు చాలావరకు కొత్త పంట గుమ్మంలో ఉన్నప్పుడు వచ్చాయి. ఇది ఎప్పటికీ నిలిచే సూత్రమని చెప్పలేను గానీ, ఆగస్టులో ఓడ ఎక్కవలసిన భారత తెల్ల బియ్యాన్ని ఏప్రిల్‌లోనే కొని జూన్‌లోపు బయటికి తెచ్చుకునే వ్యాపారికి ఆ రెండేళ్లూ పెద్దగా నష్టం కలగకపోయేది.

ఓడరేవు సంగతి కూడా చూసుకోవాలి. బాస్మతి ఎక్కువగా ముంద్రా, కాండ్లా నుంచి కంటైనర్లలో వెళుతుంది, వాన దానికి పెద్ద అడ్డంకి కాదు. కాకినాడ నుంచి బస్తాలుగా ఓడ కడుపులోకి దించే బియ్యానికి ఆకాశం శుభ్రంగా ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం, కొత్త ఖరీఫ్ పంట వచ్చే కాలం ఒకటే కావడం అక్కడి విచిత్రం. చినుకు పడితే ఓడ మూత వేయాలి, రోజులు గడిచేకొద్దీ ఆలస్య రుసుము పెరుగుతుంది. ఆ సరుకును జనవరి–మార్చి మధ్య తీసుకోవడం మేలు.

అమెరికా, దక్షిణ అమెరికా

అమెరికాలో పొడవు గింజలో ఎక్కువ భాగం అర్కాన్సాస్ రాష్ట్రంలో పండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విత్తి ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు కోస్తారు. టెక్సస్, లూసియానా తీరంలో జూలైలోనే కోత మొదలవుతుంది, కోసిన మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చే పిలక పంట అక్టోబరు, నవంబరులలో వస్తుంది. బియ్యంగా మార్చకుండా వడ్లనే పెద్ద ఎత్తున ఎగుమతి చేసే కొద్ది దేశాల్లో అమెరికా ఒకటి కాబట్టి, సొంత మిల్లు ఉన్న మెక్సికో, మధ్య అమెరికా కొనుగోలుదారులకు అది అనుకూలం. 2022, 2023 శరత్కాలాల్లో మిసిసిపీ నదిలో నీరు తగ్గి పడవల రవాణా కుంటుపడింది. కోత అయిన వెంటనే కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

భూమధ్యరేఖకు దక్షిణాన క్యాలెండర్ తిరగబడుతుంది. ఉరుగ్వే, అర్జెంటీనా, బ్రెజిల్ దక్షిణ రాష్ట్రం రియో గ్రాండె డో సుల్‌లలో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు విత్తి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కోస్తారు. ఉత్తరాన పాత నిల్వలు తరిగే ఏప్రిల్–ఆగస్టు మధ్య కొత్త పొడవు గింజ అక్కడ దొరుకుతుంది. అందుకే అమెరికా సరుకుకు అలవాటుపడిన వ్యాపారికి ఉరుగ్వే మంచి జత. 2024 ఏప్రిల్ చివర, మే నెలలో రియో గ్రాండె డో సుల్‌లో వచ్చిన వరదలు కోత చివరి దశను తాకాయి. ఆసియాకు మాత్రం దూరం వల్ల రవాణా ఖర్చు కలిసిరాదు.

ఎంపికను నెలతో ముడిపెట్టడం

మీ అంగడిలో సరుకు కనిపించవలసిన తేదీని మొదట రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కించండి. ప్రయాణ కాలం, రేవులో తనిఖీ, పురుగుల మందు పొగ పట్టించడానికి పట్టే రోజులు, మిల్లు వ్యవధి తీసివేస్తే ధాన్యం ఏ నెలలో చేతిలో ఉండాలో తెలుస్తుంది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రం వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగిన ఓడలకు ఆసియా–ఐరోపా ప్రయాణం సుమారు రెండు వారాలు పెరిగింది. హోమ్ మాలికి అంత ఆలస్యం తగదు, సెల్లాకు పట్టింపే లేదు.

హోటళ్లకు, విందు వంటలకు అమ్మేవారు 1121 సెల్లాను జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొంటే కొత్త పంట ధర, నిలకడ రెండూ దొరుకుతాయి. ఇళ్లకు పచ్చి బాస్మతి అమ్మేవారు కిందటేటి పంటకే కట్టుబడాలి. సువాసనే ప్రాణమైనవారికి డిసెంబరు–మార్చి హోమ్ మాలి, మిగతా ఏడాదికి వియత్నాం సువాసన రకాలు సరిపోతాయి. ధరే ముఖ్యమైనవారు భారత ఉప్పుడు బియ్యం తీసుకుంటూనే, వానాకాలపు మూడు నెలల అవసరంలో కొంత భాగానికి వియత్నాం లేదా థాయ్‌లాండ్‌లో ముందే ఒప్పందం చేసుకోవాలి. ఆ భాగానికి కాస్త ఎక్కువ ధర ఇవ్వవలసి రావచ్చు. 2023లో మధ్యలో ఆగిపోయిన ఒప్పందాలతో పోలిస్తే అది చిన్న మొత్తం.

ఒప్పందంలో ‘కొత్త పంట’ అన్న రెండు మాటలు చాలవు, ఎందుకంటే జనవరిలో ఆ మాటకు అర్థం మూడు నెలల కిందటి ధాన్యం, సెప్టెంబరులో పదకొండు నెలల కిందటిది కావచ్చు. పంట సంవత్సరం, కోత కాలం, మరపట్టిన నెల విడివిడిగా రాయించాలి. తేమ 14 శాతానికి లోపు, సగటు పొడవు, నూక, సుద్ద గింజలు, పసుపు గింజల హద్దులు అంకెల్లో ఉండాలి. లోడింగ్‌కు ముందు తీసిన నమూనాలో సగం మీ దగ్గరికి రావాలి. అది చేరిన రోజే అరకిలో వండి చూసి, మిగిలినది సీలు వేసి సరుకు దిగేదాకా దాచాలి.